కట్టని బందరు బట్ట

సోమవారం పొద్దున బట్టని బల్ల మీంచి ఎత్తి పలక మీదికి మార్చాలి. అటు హెలెన్, ఇటు రుచిత. ఇద్దరూ నీలం గ్లవ్స్ తొడుక్కున్నారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

మూడు వందల ఏళ్ల పైబడిన బట్ట అది. బందరు రేవులో ఓడెక్కి తూర్పు దీవులకి పోయింది. అక్కడి పెద్దలు లవంగాలూ జాజికాయలూ బస్తాలకొద్దీ పోసి మరీ పుచ్చుకున్నారు. అంత పోసి కొన్నవాళ్లు ఒక్కనాడూ ఒంటికి చుట్టుకోలేదు, కత్తెర పెట్టలేదు. బుట్టలో మడిచిపెట్టి, పెళ్లికో చావుకో బయటికి తీసి దూలానికి వేలాడదీసి, మళ్లీ మడిచి తరాల తరబడి దాచారు. ఎవరెవరి చేతులు మారిందో, చివరికి కాన్‌బెర్రాలోని ఈ మ్యూజియం బల్ల మీదికి చేరింది. దాని వెనక సన్నటి నూలుగుడ్డ వేసి, వెంట్రుకంత దారంతో కుట్టడం రుచిత పని. చలికాలం మొదలైనప్పట్నుంచీ అదే కుడుతోంది. ఎరుపులో ఏ పువ్వు ఎక్కడ చివికిందో, ఏ తీగ దగ్గర సూది పెడితే పోగు తెగుతుందో ఆమె వేళ్లకి తెలుసు.

"ఆగు," అంది హెలెన్.

కిందివైపు మూల, ఎర్ర అంచు అయిపోయాక మిగిలిన తెల్లని జాగాలో, వేలికొనంత పచ్చటి మచ్చ.

హెలెన్ ఈ విభాగానికి పెద్ద. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, వంగి, ముక్కు దగ్గర పెట్టి చూసింది. "టర్మరిక్," అంది. నడుం నిటారుగా చేసుకుని, "ఎవరిదో లంచ్," అంది.

ఎవరిదో అన్నదే గానీ ఎవరిదో ఆమె మనసులో ఉంది. స్టాఫ్ గదిలో మధ్యాహ్నం మైక్రోవేవ్ తలుపు తీస్తే పప్పు వాసన వచ్చేది ఒక్క డబ్బాలోంచే. ఆ డబ్బా షైనాల్‌ది. ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం, ఇరవై మూడేళ్ల పిల్ల, ఏజెన్సీ పంపిస్తే వచ్చి గ్యాలరీలో కాపలా నిలబడుతుంది. రుచిత కూడా పప్పన్నం తినేదే. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎవరూ చెప్పకుండానే చీజ్ శాండ్‌విచ్‌కి మారిపోయింది. అందుకని హెలెన్ చూపు రుచిత చేతుల మీదికి రానే లేదు.

రుచిత మాత్రం ఆ మచ్చనే చూస్తోంది. తిన్న చెయ్యి తగిలితే ఎక్కడైనా తగులుతుంది, ఈడ్చుకుపోతుంది. ఇది సరిగ్గా మూలన, ఉంగరం వేలితో అద్ది తీసినట్టు గుండ్రంగా ఉంది. ఇంట్లో తన బీరువాలో ఏ చీర తీసినా ఇదే మచ్చ ఇదే చోట ఉంటుంది.

మొన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఎగ్జిబిషన్ మొదలయ్యేలోపు మీ తెలుగు పెద్దవాళ్లకి బట్ట చూపిద్దామని హెలెనే సరదాపడింది. గంగాలిన్ నుంచి ఒక చిన్న బస్సు నిండా ఆంటీలూ అంకుల్సూ వచ్చారు. పేరంటం నుంచి తిన్నగా వచ్చినవాళ్లలో రుచిత అత్తగారు సీతాదేవి కూడా ఉన్నారు. బట్ట పక్కన కాపలా ఉన్నది షైనాల్.

షైనాల్‌ని పిలిచారు. వచ్చి మచ్చ చూసింది. "నేను ముట్టుకోలేదు," అంది. ఒక్కసారి రుచిత వైపు చూసి, మళ్లీ తన బూట్ల వైపు చూసుకుంది.

"కావాలని చేశావని ఎవరూ అనడం లేదు," అంది హెలెన్, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే రుచితకి ఒళ్లు మండింది. కానీ నోరు తెరవలేదు. హెలెన్ ఏజెన్సీకి ఫోన్ చేసింది. విచారణ తేలేదాకా షిఫ్టులు లేవన్నారు. షైనాల్ మెడలోంచి బ్యాడ్జి తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. వచ్చే ఏడు రుచిత చేసే పని నేర్పే కోర్సులో చేరాలని ఆ పిల్ల ఆశ. దానికి ఈ మ్యూజియం నుంచి మంచి మాట రాయించుకోవాలి. ఖాళీ దొరికితే చాలు, రుచిత వెనక నిలబడి "ఆ కుట్టు మళ్లీ చూపించు" అనేది.

*

ట్రామ్‌లో రుచితకి సీటు దొరికినా కూర్చోలేదు. ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లింది. సీతాదేవి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"అత్తయ్యా, శుక్రవారం మ్యూజియంలో ఆ బట్టని ముట్టుకున్నారా?"

"ముట్టుకోకుండా పసుపెలా పెడతారే?" అన్నారు ఆవిడ తల ఎత్తకుండా.

రుచిత గోడకి ఆనుకుంది.

"అదేంటే అట్టా అయిపోయావ్? నువ్వేగా చెప్పావు, అంత ఖరీదు పెట్టి కొని ఒక్కళ్లూ ఒక్కసారైనా కట్టలేదని! కట్టని బట్ట ఎన్నేళ్లైనా కొత్త బట్టే. పైగా మా బందరు బట్ట. రేపు ఊరందరి ముందుకీ తీస్తామంటిరి. పసుపు పెట్టకుండా కొత్త బట్ట బయటికి తీస్తామా? సంచిలో పేరంటం పసుపు ఉండనే ఉంది."

"తడి ఎక్కడిది?"

"గుమ్మంలో చేతిలో పోశారుగా, ఆ జిగురు నీళ్లు. వాటితోనే తడిపా. భలే పట్టిందిలే."

పట్టక ఏం చేస్తుంది! శానిటైజర్‌లోని స్పిరిట్ పసుపుని పోగు లోపలికంటా లాక్కుపోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రుచిత పంపు తిప్పి చేతులు కడుక్కుంది. షైనాల్ సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడ ఊరుకోరని తెలుసు.

భోజనాలయ్యాక భర్త బాలమురళికి చెప్పింది. అతను లాప్‌టాప్ మూసి, గొంతు తగ్గించి, "లుక్, నీ కాంట్రాక్ట్ రెన్యువల్ వచ్చే నెలే కదా. నువ్వు తీసుకొచ్చిన గెస్ట్, అందులోనూ మదర్ ఇన్ లా. డోంట్ బి సిల్లీ. ఆ అమ్మాయి ఏజెన్సీ నుంచే కదా, ఇంకోచోట షిఫ్ట్ ఇస్తార్లే," అన్నాడు.

అతను చెడ్డవాడేం కాదు. తను అడిగిందీ ఆ మాట వినడానికేనని రుచితకి తెలుసు. విన్నాక మాత్రం స్థిమితం చిక్కలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

మర్నాడు గ్యాలరీలో షైనాల్ నిలబడేచోట వేరే మనిషి. స్టాఫ్ గదిలో మైక్రోవేవ్ మీద ఎవరో కాగితం అంటించారు: బట్టల దగ్గర పనిచేసేవాళ్లు మసాలా పదార్థాలు తేవద్దని. రుచిత శాండ్‌విచ్ ఒక ముక్క కొరికి చెత్తబుట్టలో పడేసింది. కుట్టుకి కూర్చుంటే దారం రెండుసార్లు తెగింది. లేచి కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది. భూతద్దం తుడిచింది, సూదులు సర్దింది. ఫ్రిజ్ తెరిస్తే కింది అరలో షైనాల్ డబ్బా అలాగే ఉంది, మూత మీద పేరు రాసిన టేపుతో సహా. దాన్ని తీసి తన సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో తనకే తెలియలేదు.

బుధవారం హెలెన్ ఆ మచ్చ తీయడానికి మందులు కలుపుతోంది. దూదిపుల్ల ముంచి, బట్ట మీదికి తెచ్చింది. ఆ పుల్ల ఆనబోతుంటే రుచిత నోట్లోంచి మాట వచ్చేసింది.

"అది లంచ్ కాదు హెలెన్. మా అత్తగారు పెట్టారు."

చెప్పేసింది. కొత్త బట్ట సంగతి, వ్రతం సంగతి, సంచిలో పసుపు సంగతి. చెబుతున్నంతసేపూ కాంట్రాక్టు పోయినట్టే అనుకుంది. హెలెన్ పుల్ల పక్కన పెట్టింది. కళ్లజోడు తీసింది. ఆమె ముఖంలో వెలుగు చూసి రుచిత తెల్లబోయింది.

"ఓహ్, ఇట్స్ బ్యూటిఫుల్!" అంది హెలెన్. "ఆ తీరం నుంచి వెళ్లిన బట్ట. ఆ తీరం ఆడమనిషి మళ్లీ దాన్ని ముట్టుకుంది. ఇంకా కొత్తదే అంది! రుచితా, ఇది శుభ్రం చెయ్యం. లేబుల్ మీద రాద్దాం. ఆవిడని వీడియో తీద్దాం. శుక్రవారం తీసుకురాగలవా?"

సోమవారం కూర మరకైనది బుధవారానికి సంస్కృతి అయిపోయింది. మచ్చ అదే, పసుపూ అదే.

"మరి షైనాల్?" అంది రుచిత.

"అదా," హెలెన్ దూదిపుల్లలు డబ్బాలో సర్దుతూ అంది, "అది ఏజెన్సీ వాళ్ల వ్యవహారం. ఓపెనింగ్ అయ్యాక చూద్దాం. ఎలా చూసినా తను కాపలా ఉన్నప్పుడే కదా జరిగింది."

*

వీడియో అనగానే సీతాదేవి ముఖం వికసించింది. మంచం మీద నాలుగు చీరలు పరిచారు. ఆకుపచ్చది తీసి భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నారు. చూసుకుంటూ చూసుకుంటూ ఆగారు.

"ఏమే, ఆ మచ్చ నాదని వాళ్లకి ఇవాళే తెలిసిందా?"

"ఇవాళే చెప్పాను."

"మరి ఇన్నాళ్లూ ఎవరిదనుకున్నారు?"

రుచిత చీర మడత సవరించింది. ఆవిడ ఆ చీర చేతిలోంచి లాక్కున్నారు. ఇక దాచి లాభం లేక అంతా చెప్పింది. ఆ పిల్ల బ్యాడ్జి తీసి పెట్టడంతో సహా.

సీతాదేవి మంచం మీద కూలబడ్డారు. ఆవిడ కేకలేస్తారనుకుంది రుచిత. కానీ ఆవిడ మెల్లిగానే అన్నారు.

"నా వేలి మచ్చని ఒక ఆడపిల్ల నెత్తిన రుద్ది, ఎట్టా తిన్నావే అన్నం? నాకు కూడా వడ్డించావు గదే! పచ్చడి వెయ్యమంటే వేశావు!"

"కాంట్రాక్ట్ పోతుందని భయపడ్డానత్తయ్యా."

"భయం ఎవరికైనా ఉంటుంది. మొదటిరోజు భయపడ్డావనుకో, సరే. రెండో రోజు?" ఆవిడ లేచి శాలువా కప్పుకున్నారు. "పద."

"ఎక్కడికి?"

"ఆ పిల్ల ఇంటికి. ఎక్కడికేంటి!"

షైనాల్ వాళ్లది ట్రామ్‌లో మూడు స్టాపుల అవతల, చిన్న ఇటుకల ఫ్లాటు. తలుపు తీసింది వాళ్ల అవ్వ మునమ్మ. సీతాదేవి చీర చూడగానే ముసలావిడ కళ్లు మెరిశాయి. "రా అమ్మా, కూసో," అంది. తాతల నాడు చెరుకు తోటల్లో కూలికి ఫిజీ పోయిన తెలుగువాళ్ల వంశం. ఆవిడ దగ్గర మిగిలిన తెలుగు అలాంటి నాలుగు మాటలే. నాలుగూ వాడేసి, చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, హిందీలోకి దిగిపోయింది.

షైనాల్ లోపలి నుంచి వచ్చింది. రుచిత డబ్బా ఇచ్చింది. కడిగి తెచ్చింది దాన్ని. కడిగినందుకే ఇంకా సిగ్గేసింది. "మచ్చ మా అత్తగారిది. హెలెన్‌కి చెప్పేశాను. నీ తప్పేం లేదని తేలిపోయింది," అంది గబగబా.

"నాకు తెలుసు," అంది షైనాల్ ఇంగ్లీషులో.

"ఏం తెలుసు?"

"నేను చూశాను కదా. ఆంటీ వేలు తడుపుకుని మూలన పెట్టడం. నేను పక్కనే ఉన్నా. అవ్వ కూడా అంతే. దీపావళికి షర్ట్ కొంటే కాలర్ లోపల పసుపు పెట్టకుండా తొడుక్కోనివ్వదు. ఆవిడని చూస్తే అవ్వని చూసినట్టే అనిపించింది. 'డోంట్ టచ్' అనడం నా డ్యూటీ. కానీ అంతమంది ముందు అంటే పెద్దావిడ సిగ్గుపడతారని ఆగిపోయా. అదే నేను చేసిన తప్పు."

"మరి సోమవారం ఎందుకు చెప్పలేదు?"

షైనాల్ డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టింది. "ఆవిడ ఎవరి మదర్ ఇన్ లానో నాకు తెలుసు. నువ్వే చెప్తావనుకున్నా."

రుచితకి తల ఎత్తబుద్ధి కాలేదు. సీతాదేవికి ఇంగ్లీషు అంతగా రాకపోయినా, ఎవరు తలెత్తారో ఎవరు దించారో చూశారు. చాలు ఆవిడకి.

"ప్లీజ్, నేను చూశానని మాత్రం చెప్పొద్దు," అంది షైనాల్ గుమ్మం దగ్గర. "చూసీ ఆపలేదంటే ఇంక ఏ మ్యూజియమూ పిలవదు."

ట్రామ్‌లో వస్తూ అత్తగారికి ఆ మాటలన్నీ తెలుగులో చెప్పింది రుచిత. ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. స్టాపు వచ్చినప్పుడు ఒక్కర్తే లేచి, ముందు దిగిపోయారు.

*

శుక్రవారం గ్యాలరీలో లైట్లు పెట్టారు. బట్ట ఇప్పుడు గోడ మీద నిటారుగా, పూలన్నీ విప్పుకుని ఉంది. పక్కన గాజుపెట్టెల్లో లవంగాలు, జాజికాయలు, పగడాల దండ, రోమన్ బంగారు నాణెం ఒకటి. ఎక్కడెక్కడి నుంచో ఓడల మీద వచ్చి చేతులు మారిన ఖరీదైన సరుకులు. బట్ట ముందు కుర్చీ వేసి సీతాదేవిని కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీర కాదు, రోజూ కట్టుకునే నేత చీరే కట్టుకొచ్చారు ఆవిడ. కుర్చీ పక్కన, కెమెరాకి పడకుండా, రుచిత నిలబడాలి. ఆవిడ చెప్పింది ముక్క ముక్కగా ఇంగ్లీషులో చెప్పాలి.

రుచిత కాళ్లు ఒకచోట నిలవడం లేదు. నిన్నంతా అత్తగారు ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు కెమెరా ముందు ఆవేశంలో షైనాల్ చూసిందన్న మాట బయటపెడితే ఆ పిల్ల పని అయిపోయినట్టే. పెట్టకపోయినా ఇంకేం మాట్లాడతారో తెలియదు. ఒక ధైర్యం మాత్రం ఉంది. ఈ గదిలో అత్తగారు కాక తెలుగు వచ్చింది తనకొక్కదానికే. ఏ మాట దాటించాలో ఏ మాట మింగాలో తన చేతిలోనే ఉంది. ఆ ధైర్యం చూసి తనకే భయమేసింది.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

"పసుపంటే మీవాళ్లకి ఏమిటో అడుగు," అంది హెలెన్, నవ్వుతూ.

సీతాదేవి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. "నా పేరు సీతాదేవి. మాది బందరు దగ్గర. ఈ మచ్చ నేనే పెట్టాను."

రుచిత చెప్పింది. హెలెన్ తల ఊపింది.

"పెట్టింది నేనైతే ఒక పిల్లని పనిలోంచి పంపేశారు. షైనాల్ దాని పేరు. ఆ పిల్ల చేతిదనుకున్నంతసేపూ కూర మరక అన్నారు. నా చేతిదని తెలిశాక ఆచారమంటున్నారు. రెండూ ఒక పసుపే. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు."

అంతే. చూసిన సంగతి ఎత్తలేదు ఆవిడ. కెమెరా అబ్బాయి ఆమె వైపు చూస్తున్నాడు, హెలెన్ ఇంకా నవ్వుతూనే ఉంది. అందులో సగం వదిలేసి, 'ఇది మా ఆచారం, షైనాల్‌ది తప్పు కాదు' అంటే సరిపోతుంది. మర్యాదగా ఉంటుంది. రుచిత అలా అనలేదు. కూర మరక అన్న మాట కూడా వదలకుండా చెప్పింది. ఆ మాట దగ్గర హెలెన్ నవ్వు ఆగిపోయింది. చెయ్యి ఎత్తింది, కానీ ఆ అబ్బాయి కెమెరా ఆపలేదు.

సీతాదేవి మళ్లీ అందుకున్నారు. గొంతు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

"మా కోడలికి మొదటిరోజే తెలుసు. తెలిసీ ఊరుకుంది. అది కూడా చెప్పవే."

ఇది అనుకోలేదు రుచిత. గాజుపెట్టె అద్దంలో తన ముఖం కనిపించింది, చూపు తిప్పుకుంది.

"ఏమంటున్నారు?" అంది హెలెన్.

రుచిత పక్కనుంచి జరిగి, అత్తగారి కుర్చీ పక్కన లైటులోకి వచ్చింది.

"ఆవిడ కోడలికి సోమవారమే తెలుసని అంటున్నారు. మీరు 'ఎవరిదో లంచ్' అన్నప్పుడే తెలుసు. తెలిసీ తన ఉద్యోగం కోసం నోరు మూసుకుందని అంటున్నారు. ఆ కోడలిని నేనే."

పైనెక్కడో హాలులో స్కూలు పిల్లల అడుగుల చప్పుడు వచ్చి పోయింది. హెలెన్ బట్ట వైపు చూసింది, తర్వాత నేల వైపు. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"పసుపు గురించి అడిగారుగా, చెప్తా," అన్నారు సీతాదేవి. "చాలానే ఉంది చెప్పడానికి. కానీ ఆ పిల్లని పిలిచి ఇక్కడ నిలబెట్టాకే చెప్తా. అప్పటిదాకా ఈ కుర్చీలోంచి లేవనని చెప్పు."

రుచిత అదీ చెప్పింది.

"షైనాల్ నంబరు..." హెలెన్ గొంతు సవరించుకుంది. "నా దగ్గర ఏజెన్సీ నంబరే ఉంది."

"నా దగ్గర ఉంది," అంది రుచిత. ఫోన్ తీసి ఆమెకి అందించింది.

హెలెన్ ఫోన్ చెవిన పెట్టుకుని కిటికీ వైపు నడిచింది. కెమెరా అబ్బాయి దీపం ఆర్పాడు. రుచిత గోడ పక్కనున్న ముక్కాలి పీట, షైనాల్ కాపలా కూర్చునేది, తెచ్చుకుని అత్తగారి పక్కన వేసుకుంది. ఆవిడ ఆమె వైపు చూడలేదు. కాస్త పక్కకి మాత్రం జరిగారు. రుచిత కూర్చుంది.